చాందినీ పక్క గది

నమ్మమని అడగను. నమ్మమని అడిగేవాళ్లతోనే జీవితమంతా పోట్లాడాను... ఇప్పుడు నేనే ఆ పని చేస్తే బాగుండదు. ఒక్కటి మాత్రం చెబుతాను. ఇందులో నేను కల్పించింది లేదు. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు, చూడనిది చూడనట్టు చెబుతున్నాను. ఆ మూడోదే కష్టం.

నేను పశువైద్యం చదివి, పాఠాలు చెప్పుకొని బతికినదాన్ని. సెలవు దొరికితే హిందూపురం నుంచి ధర్మవరం దాకా తిరిగి, చేతబడి లేదు, దయ్యం లేదు, దిష్టి లేదు అని ఉపన్యాసాలు ఇచ్చినదాన్ని. దయ్యం ఎప్పుడూ కూలోళ్ల ఇంటికే ఎందుకొస్తుంది, బ్యాంకు మేనేజరు ఇంటికి ఎందుకు పోదు అని అడిగితే జనం పగలబడి నవ్వేవారు. నవ్వి, ఇంటికి పోయి, గుమ్మానికి నిమ్మకాయలు కట్టుకునేవారు. మళ్లీ వారం ఇంకో ఊరు. అదే ప్రశ్న, అదే నవ్వు, అవే నిమ్మకాయలు. ఎన్నాళ్లని... సరే. అసలు సంగతికి వస్తాను.

పెనుకొండ కొండకు అవతలి పక్క విశ్వవిద్యాలయం వాళ్లు కొత్తగా ఒక ప్రాంగణం కట్టారు. గుర్రాల పెంపకం, పశుపోషణ నేర్పే చదువు కోసం. గొర్రెలకు షెడ్డు. పాలు పితికే గది. గుర్రాలను తిప్పడానికి ఇసక మైదానం. పశువును మధ్యలో నిలబెట్టి పాఠం చెబితే పిల్లలు మెట్ల మీద కూర్చొని చూసే పెద్ద హాలు. ఇక గుర్రాలకు వరుసగా గదులు, వాటి ముందు పొడుగాటి వరండా. చదువు మొదలుపెట్టించే పనికి నన్ను పిలిచారు.

గదుల దగ్గరే తప్పు జరిగింది. కట్టిన కాంట్రాక్టరు అంతకు ముందు కట్టినవన్నీ హాస్టళ్లు. గుర్రాలకూ హాస్టలే కట్టాడు. గదికీ గదికీ మధ్య పైకప్పు దాకా గోడ. చెయ్యి అందని ఎత్తులో, మధ్యగోడకు ఒక చిన్న వెంటిలేటరు. ఒక గదిలోని గుర్రానికి పక్క గదిలో గుర్రం ఉందో లేదో కనపడదు.

"ఇట్ల కట్టినావేమప్పా?" అని అడిగితే ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. "గుర్రాలకు మాత్రం ప్రైవసీ ఉండొద్దా మేడం?"

ప్రారంభోత్సవం రోజు ఇంకో గొడవ. ఆవునూ దూడనూ ముందు నడిపించి, గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టి, అప్పుడు గదులు తెరుస్తామన్నారు. నేను అడ్డం నిలబడ్డాను. జనం సొమ్ముతో, సైన్సు చెప్పడానికి కట్టిన చోట మొదటి రోజే ఈ పనా అన్నాను. గట్టిగానే అన్నాను. డీన్ గారు మెత్తటి మనిషి, వెనక్కి తగ్గారు. కొట్టాల్సిన గుమ్మడికాయ వంటింటికి పోయి మజ్జిగపులుసు అయ్యింది. అందరం తిన్నాం. గెలిచాననుకున్నాను.

గుర్రాలన్నీ ఒకేసారి రాలేదు. కొనుగోలు ఎక్కడో ఆగింది. కానీ తనిఖీ కమిటీ వచ్చేనాటికి కనీసం ఒక్క గుర్రమైనా కనపడాలి. హిందూపురంలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తోలే ఒకాయన ఆ పని మానుకుంటున్నాడని తెలిసి, ఆయన దగ్గర ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చారు. దాని పేరు చాందినీ. ఎక్కడో దూరంగా బ్యాండు మోగితే చాలు... ముందరి కాలు దానంతటదే లేచేది. మంచి జంతువు. నెమ్మదైనది. పుట్టినప్పటి నుంచి నాలుగైదు గుర్రాల మధ్య ఒకే తాడుకు కట్టేసి పెరిగినది.

దాన్ని తెచ్చి హాస్టలు గదిలో ఒక్కదాన్నే పెట్టాం.

ఇక్కడ ఒక విషయం మీకు తెలియాలి. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది, అది అందరికీ తెలుసు. కానీ కునుకు వేరు, నిద్ర వేరు. అసలైన నిద్ర కావాలంటే అది పడుకోవాలి. పడుకుంటే లేచి పరుగెత్తడానికి సమయం పడుతుంది. అందుకే పక్కన ఇంకో గుర్రం మెలకువగా నిలబడి ఉందని తెలిస్తేనే పడుకుంటుంది. ఒంటరిగా, కొత్త చోట, గోడల మధ్య... పడుకోదు. రాత్రంతా నిలబడే ఉంటుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చివరికి ఒళ్లు మాట వినదు. నిలబడి కునుకుతూనే ముందరి మోకాళ్ల మీద దబ్బున కూలిపోతుంది. ఉలిక్కిపడి లేస్తుంది. మళ్లీ నిలబడుతుంది.

చాందినీ పెద్ద హాలులో, సిమెంటు నేల మీద, అందరి ముందే అట్లా కూలింది. మోకాళ్లు చీరుకుపోయాయి. డీన్ గారి ముఖం పాలిపోయింది.

"కమిటీ ముందర ఇట్ల పడితే మన గతేంది మేడం? ఇది రోగం గుర్రం. కమిటీ వచ్చేలోపల సరిగ్గా నిలబడిందా, సరే. లేదంటే సంతకు తోలేద్దాం. ఇంకోటి చూసుకుందాం."

"రోగం కాదు సార్. నిద్ర లేదు దానికి."

"నిద్ర లేకుంటే నిద్రపుచ్చండి. మీరే గదా డాక్టరు."

మోకాళ్లు చెడిన గుర్రాన్ని సంతలో ఎవరు కొంటారో, కొని ఏం చేస్తారో నాకు తెలుసు. మీకూ తెలుసు. చెప్పుకోనక్కర్లేదు.

తోడుగా ఒక గొర్రెను తెచ్చి దాని గదిలో కట్టి చూశాం. ఆ గొర్రె తన మంద కోసం రాత్రంతా అరిచింది. పాపం చాందినీకి ఉన్న కునుకు కూడా పోయింది. ఇంకో గుర్రం చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. మిగిలింది మనిషి. రాత్రి ఎవరైనా దాని దగ్గర కూర్చుంటే, అలవాటు పడి పడుకుంటుందేమో అనుకున్నాను. కాపలా మనిషి నరసింహప్పకు చెప్పాను. గుడిబండ దగ్గరి పల్లె ఆయనది. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడు, పశువంటే ప్రాణం. సరేనని కూర్చున్నాడు. ఒక రాత్రి కూర్చున్నాడు... మర్నాడు పొద్దున నా దగ్గరికొచ్చి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను గేటు కాడే కూసుంటా మేడం. ఆడికి మాత్రం రాను."

"ఏమప్పా, ఏమయింది?"

"పక్క రూములో ఇంకోటి ఉండాది."

"ఇంకోటంటే?"

"గుర్రం."

"చూసినావా?"

"చూల్లేదు. విన్యా."

"ఖాళీ రూము అప్పా అది. చాందినీ కాలు కదిపితే ఆ చప్పుడు ఆడ మోగుతాది. అంతే."

"చాందినీ నిలబడుకోని ఉన్నప్పుడు అది నడుస్తాండాది మేడం. నా చెవులు నాకు తెలీవా?"

వరండా ఊడుస్తున్న గంగమ్మ చీపురు ఆపకుండానే అందుకుంది. "గుమ్మడికాయ కొట్టనియ్యకపోతిరి గదా. ఏదో ఒకటి వస్తాది."

నాకు ఒళ్లు మండింది. చుట్టూ గొర్రెల షెడ్డు వాళ్లు కూడా చేరారు. "వస్తే మంచిదే గదా గంగమ్మా!" అన్నాను. "కమిటీకి రెండు గుర్రాలు చూపియ్యచ్చు. కొనే పని కూడా తప్పె!"

అందరూ నవ్వారు. గంగమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నరసింహప్ప నవ్వలేదు. తలగుడ్డ చుట్టుకొని గేటు వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఆ వార్త ప్రాంగణమంతా పాకింది. రాత్రి కాపలాకు ఎవరూ రామన్నారు. డీన్ గారు ఫోను చేశారు. శాంతి చేయిద్దామా మేడం, చిన్నగా, ఎవరికీ తెలీకుండా... అని నసిగారు. నేను కూర్చుంటాను అన్నాను. ఏం లేదని నేనే కూర్చొని చూపిస్తాను.

చెప్పడానికి ఎంతసేపు. కూర్చోవడం మొదలుపెట్టాక తెలిసింది.

మొదట చప్పుళ్ల పని పట్టాను. పక్క గదిపైన ఒక రేకు గాలికి లేస్తోంది. ఇనుప తీగతో కట్టించాను. నీళ్ల తొట్టి గొట్టంలో టక్ టక్ మని ఒక చప్పుడు. దాని కవాటం మూసేశాను. వెంటిలేటరులోంచి గబ్బిలం ఒకటి వచ్చిపోతోంది. జాలీ కొట్టించాను. ఎలుకలున్నాయేమోనని మూలలన్నీ చూశాను, లేవు. దయ్యం అన్నదానికల్లా ఒక మరమ్మతు ఉంటుంది. నా అనుభవం అదే. చివరికి ఆ ఖాళీ గది నేల మీద ఇసకను గంగమ్మ చేత నున్నగా చదును చేయించాను. ఆ గది తలుపు అడ్డంగా రెండు సగాలు... కింది సగం గడియ వేశాను, పై సగం తెరిచి ఉంచాను. ఎవరైనా వస్తే ఇసకలో తెలుస్తుంది. రాకపోతే అదీ తెలుస్తుంది.

చాందినీ గది ముందు ఒక కుర్చీ. ఫ్లాస్కులో టీ. ఒళ్లో టార్చి.

ఏమీ రాలేదు. రాత్రి వెనక రాత్రి, ఏమీ రాలేదు. చాందినీ నిలబడే ఉండేది. తల వాలేది... వాలేది... మోకాళ్లు వంగేవి... ఉలిక్కిపడి లేచేది. దాంతోపాటు నేనూ. అది కునికినప్పుడల్లా నేను కునికేదాన్ని. పగలు పాఠాల ఏర్పాట్లు, మందులు, కమిటీకి కావలసిన సంగతులు. రాత్రి కుర్చీ. నడుము విరిగిపోయేది. కళ్లు మంటలు. ఒక దశలో నాకు దయ్యం మీద కోపం కూడా పోయింది. ఏదో ఒకటి కానీ, దీన్ని పడుకోనిస్తే చాలు అనిపించింది.

ఆ రాత్రి...

ఆ రాత్రి కూడా మామూలుగానే మొదలైంది. వెన్నెల లేదు. దీపాలన్నీ ఆర్పించాను, వెలుగుంటే గుర్రం పడుకోదని. దూరంగా ఎర్రమంచి వైపు ఆకాశం ఎర్రగా ఉంది. అక్కడి కార్ల ఫ్యాక్టరీ బస్సులు రాత్రి షిఫ్టు వాళ్లను దించి వెళ్లిపోయాయి. ధర్మవరం వైపు పోయే గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది... పోయింది... పోయింది. దాని చివరి పెట్టె చప్పుడు కూడా కొండ మింగేసింది. తర్వాత గాలి ఆగిపోయింది. ఆ ప్రాంతంలో గాలి ఆగడం తక్కువ. అది ఆగితే చెవుల్లో ఏదో తీసేసినట్టు ఉంటుంది.

చాందినీ చెవి కదిలింది.

ఒక్క చెవి. నా వైపు కాదు. గోడ వైపు.

నేను కుర్చీలో కదల్లేదు. ఏదో పురుగు చప్పుడై ఉంటుంది అనుకున్నాను. రెండో చెవి కూడా తిరిగింది. రెండూ గోడ వైపే. తల మెల్లగా పైకెత్తింది.

అప్పుడు విన్నాను.

ధప్.

గిట్ట. సిమెంటు మీద పడ్డ గిట్ట టక్కుమంటుంది. ఇది అట్లా లేదు. ఇసక మీద, మెత్తగా... బరువైన కాలు ఒకటి ఎత్తి, పక్కకు పెట్టినట్టు. పశువు బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చుకుంటుంది చూడండి, అట్లా.

చాందినీ కాళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి. నాలుగూ. కదల్లేదు.

ప్రతిధ్వని కాదు. రేకు కాదు. గొట్టం కాదు. ఒక్కొక్కటే లెక్క చూసుకుంటున్నాను... నా బుర్ర పని చేస్తూనే ఉంది.

తర్వాత ఊపిరి.

గుర్రం నెమ్మదించినప్పుడు ముక్కుపుటాల్లోంచి పొడుగ్గా ఊపిరి వదులుతుంది. పెదాలు అల్లల్లాడతాయి. ఫ్ర్ర్ర్... అని. నేను వేల సార్లు విన్న చప్పుడు అది. చదువుకున్న రోజుల నుంచి వింటున్నాను. దాన్ని ఇంకోటి అనుకోవడానికి వీల్లేదు. వెంటిలేటరులోంచి వచ్చింది. నిదానంగా. తొందరేమీ లేనట్టు.

చాందినీ గొంతులోనే బదులిచ్చింది. సకిలింపు కాదు. లోపల్లోపల గురగురమని, పిల్లతో మాట్లాడినట్టు. అది మా దగ్గరికి వచ్చాక అట్లా మాట్లాడటం నేను వినలేదు.

ఆ తర్వాత అది ముక్కుతో నేల మీది ఇసకను వాసన చూసింది. ఒక చుట్టు తిరిగింది. ముందరి మోకాళ్లు మడిచింది... ఈసారి కూలలేదు, మడిచింది... వెనక భాగం మెల్లగా దించింది. ఇసక కరకరమంది. పెద్ద నిట్టూర్పు. మెడ చాచి, ఒక పక్కకు ఒరిగి, తల నేలకు ఆనించింది.

పడుకుంది.

నా కళ్లలో నీళ్లొచ్చాయి. భయంతో కాదు. అప్పటికి భయం సంగతి గుర్తు కూడా లేదు. కాసేపటికి దాని కాళ్లు చిన్నగా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కలలో పరుగెత్తుతోంది. ఆ నిద్ర కోసమే కదా... ఇన్ని రాత్రులు.

అప్పుడు గుర్తొచ్చింది. నా చేతిలో టార్చి ఉంది.

లేచాను. చెప్పులు వదిలేశాను. వరండా బండలు చల్లగా ఉన్నాయి. పక్క గది ఎంత దూరం? ఒక గోడ దూరం. అంతసేపూ ఆ ఊపిరి వినపడుతూనే ఉంది. లోపలికి... బయటికి... లోపలికి... తలుపు కింది సగం గడియ వేసింది వేసినట్టే ఉంది, చేత్తో తడిమి చూశాను. పై సగంలో చీకటి. నల్లగా, నిండుగా. ఎండిన చెమట, గడ్డి, వెచ్చటి చర్మం... గుర్రం వాసన. చాందినీ వాసనే అయి ఉండొచ్చు. అయి ఉండొచ్చు అని అప్పుడే అనుకున్నాను కూడా. టార్చి పట్టుకున్న చెయ్యి తలుపు అంచు మీద పెట్టాను.

మణికట్టు మీద వెచ్చగా తగిలింది. గాలి. తడిగా. మళ్లీ తగిలింది.

బొటనవేలు మీట మీదే ఉంది.

ఒక్క నొక్కు. అంతే. తేలిపోతుంది. ఎన్ని ఊళ్లలో, ఎన్ని వేదికల మీద గొంతు చించుకున్నాను... భయపడే బదులు దీపం వెయ్యండి, దీపం వేసి చూడండి అని. ఇప్పుడు దీపం నా చేతిలో ఉంది. ఎదురుగా ఏదో ఉంది, లేదా ఏమీ లేదు. రెండింటిలో ఏదైనా నాకు గెలుపే.

కానీ మీట టక్కుమంటుంది. వెలుగు వెంటిలేటరు గుండా అవతలి గది పైకప్పు మీద పడుతుంది. చాందినీ ఉలిక్కిపడి లేస్తుంది. ఇంతా చేసి ఒకసారి అది భయపడి లేచిందంటే మళ్లీ ఆ గదిలో ఒరగదు. కమిటీ ముందు మోకాళ్ల మీద పడుతుంది. ఆ తర్వాత సంత.

నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. కాళ్లు లాగుతున్నాయి. అవతలి గదిలో చాందినీ నిద్రలో చిన్నగా మూలిగింది.

నేను మీట నొక్కలేదు.

వెనక్కి వచ్చాను. కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నదే గుర్తు...

చీపురు చప్పుడుకు మెలకువ వచ్చింది. తెల్లారిపోయింది. చాందినీ లేచి గడ్డి తింటోంది. దాని ఎడమ డొక్క మీద, మెడ మీద, చెంప మీద ఇసక అంటుకొని ఉంది. నేను కల కనలేదు అనడానికి అదొక్కటే రుజువు. కల నాకు రావచ్చు. నా కలలోంచి గుర్రానికి ఇసక అంటుకోదు కదా.

పరుగెత్తాను పక్క గదికి. తలుపు బార్లా తెరిచి ఉంది. ఇసక మీద చీపురు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ముచ్చటగా. గుమ్మం ముందు కళ్లాపి చల్లి ఉంది. పేడ నీళ్ల వాసన గుప్పుమంది.

"గంగమ్మా! ఖాళీ రూము ఎందుకు ఊడ్చినావు?"

"ఊడవకుంటే ఎట్ల మేడం? మన వాకిలి ఊడ్చుకోని పక్క వాకిలి వదిలేస్తామా? మంచిది కాదు."

"ఇసకలో ఏమన్నా ఉండెనా?"

"ఇసకలో ఏముంటాది? ఇసక ఉంటాది."

"గుర్తులు... గిట్టల గుర్తులేమన్నా?"

ఆమె చీపురు చంకలో పెట్టుకొని నన్ను ఎగాదిగా చూసింది. "నాకు కండ్లు సరిగ్గా అగుపడవు మేడం. దానికితోడు చీకట్లో ఊడ్చినా. మీరు రవంత పండుకోండి. మొగం చూస్తే భయమైతాండాది."

ఆ రోజే ధర్మవరం వెళ్లి మా మాష్టారికి చెప్పాను. దయ్యాలు లేవని చెప్పే ఈ దారిలో నన్ను పెట్టినాయన. పట్టు మగ్గాల వీధిలో ఉంటాడు, గోడ అవతల మగ్గం చప్పుడు ఆగదు. అంతా విని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఎన్ని దినాలైందమ్మా నువ్వు నిద్రపోయి?"

"చాలా దినాలైంది సార్."

"మరింకేం? నిద్ర లేకుంటే మెదడు చప్పుళ్లు తయారుచేస్తాది. ఇది నువ్వు చెప్పే పాఠమే గదా."

"గుర్రం పండుకునింది సార్."

"నువ్వు రోజూ ఆడ కూసుంటివి. దానికి అలవాటైతివి. నువ్వే దానికి కావలి అయితివి. ఇందులో వింతేముంది?"

నిజమే. వేరే ఎవరైనా ఈ కథ చెబితే నేనూ ఆ మాటే అనేదాన్ని. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. తిరుగు బస్సులో ఆ మాటలే నెమరేసుకుంటూ వచ్చాను. అయితే చాందినీ చెవులు నా వైపు తిరగలేదు. గోడ వైపు తిరిగాయి.

ఆ రాత్రి చూడాలనే కూర్చున్నాను. టార్చి చేతిలోనే పట్టుకొని, ఈసారి చప్పుడు కాగానే, చాందినీ పడుకునేలోపే వెలిగించాలని. చెవులు రిక్కించుకొని తెల్లవార్లూ కూర్చున్నాను. ఏమీ రాలేదు. ధప్ లేదు. ఊపిరి లేదు. చాందినీ తెల్లవార్లూ నిలబడే ఉంది. రెండుసార్లు కూలింది. ఆరిన మోకాలి పుండు మళ్లీ చిట్లింది.

పొద్దున డీన్ గారు దూరం నుంచే ఆ నెత్తురు చూశారు. "రేపు కమిటీ వస్తాండాది మేడం," అన్నారు. అంతే అన్నారు. లారీకి కూడా చెప్పి ఉంచారని తర్వాత తెలిసింది.

మాపటేల మందుల పెట్టె తీసుకొని గేటు గుండా వస్తున్నాను. నరసింహప్ప స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆ రోజు అందరం నవ్వినప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడలేదు.

"మేడం... ఒక మాట అడగల్లా?"

"అడుగప్పా."

"ఇన్ని దినాలు కూసుంటిరి. ఉండాదా? లేదా?"

లేదు అనే మాట నాలుక మీదే ఉంది. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటుంది అది. అనేస్తే అయిపోయేది. కానీ ఆ రాత్రి ఆ గది ముందు నిలబడి నేను చూడలేదు. చూడకుండా ఉంది అనేవాడికీ, చూడకుండా లేదు అనే నాకూ తేడా ఏముంది?

"తెలీదప్పా," అన్నాను. "విన్యా. చూల్లేదు. ఏందో తెలీదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. వెక్కిరిస్తున్నానేమోనని వెతుకుతున్నట్టు.

"మీరు లేదంటిరి గదా ఆ పొద్దు. అందరి ముందర. అంటే నేను అబద్ధాలోన్ని అయిపోతి. పిరికోన్ని అయిపోతి. మా ఇంట్లో పిల్లోల్లు కూడా నవ్విరి."

"తప్పే అప్పా."

"ఆ... వదిలేయండి." స్టూలు చేత్తో ఎత్తుకున్నాడు. "పదండి. వస్తా."

"యాడికి?"

"యాడికేంది? ఆడికే. మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇద్దరం కూసుంటే ఏమైతాది?"

ఆగాడు. "భయం లేదనుకునేరు. ఉండాది. కానీ ఆ గుర్రం రేపు సంతకు పోతాందంట గదా."

వరండాలో ఆయన స్టూలు, నా కుర్చీ. టీ చెరి సగం తాగాం. నరసింహప్ప తన చిన్నప్పుడు బీళ్లలో మంద పక్కన పడుకున్న రాత్రుల గురించి చెబుతూ పోయాడు. ఎక్కడో మధ్యలో నా తల వాలడం, నేను ఉలిక్కిపడి లేవడం... ఆయన చూసినట్టున్నాడు.

"పండుకోండి మేడం," అన్నాడు. "నేను మేలుకోని ఉంటా గదా. గమ్మున పండుకోండి."

గోనె సంచులు పరిచాడు. టార్చి ఆయనకిచ్చి ఒరిగాను. బండల చల్లదనం సంచుల్లోంచి వీపుకు తగిలింది. కళ్లు మూసుకున్నానో లేదో...

మీరు అడుగుతారని తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మర్నాడు కమిటీ ముందు చాందినీ నాలుగు కాళ్ల మీద నిలబడింది. దాని కుడి డొక్కంతా ఇసక. గంగమ్మ తుడవబోతే నేనే వద్దన్నాను. లారీ ఖాళీగా వెళ్లింది. చాందినీ ఇప్పటికీ మా దగ్గరే ఉంది, ఆ మధ్యగోడను సగానికి కొట్టించేశాం, అవతల ఇంకో గుర్రం వచ్చింది. నరసింహప్పను తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "నేను మేలుకోనే ఉన్యా మేడం, యాడ కన్ను మూసింటా?" అంటాడే కానీ ఇంకేమీ చెప్పడు. దయ్యాలు లేవని నేను రేపు కూడా ఏ వేదిక మీదైనా చెబుతాను. చెబుతూనే ఉన్నాను.

కానీ ఆ రాత్రి కళ్లు మూసుకున్న ఆ క్షణాన... నిద్రకూ మెలకువకూ మధ్య... ఇసక మీద మెత్తగా ఒక కాలు ఎత్తి పెట్టిన చప్పుడు వచ్చింది. నరసింహప్ప మాట్లాడటం ఆపేశాడు. స్టూలు కిర్రుమంది.

"మేడం," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "విన్యారా?"

విన్నాను. లేవాలనే అనుకున్నాను. ఒళ్లు లేవలేదు. చాందినీ గొంతులో ఏదో గురగురమంది, ఆ గురగుర విన్నాక... నాకు నిద్ర పట్టేసింది.